గడప దగ్గర తప్పిన అడుగు

(ఒక పఠనమందిర వార్షిక సభయందు మేము చేసిన ఉపన్యాసము)



కోతకు వచ్చిన చేను తుపాను పాలైనప్పుడు రైతు కోల్పోవునది ధాన్యము మాత్రమే కాదు. ఆ ధాన్యమును నమ్మి తీర్చెదనన్న బాకీలు, తలపెట్టిన పెండ్లి, బిడ్డల చదువు అన్నియు ఆ నీటనే కొట్టుకొనిపోవును. నెల జీతముపై బ్రతుకు గృహస్థునకును అట్టి తుపాను కలదు. ముందుగానే పని చాలించుకొనవలెనని ఒక దినమును నిర్ణయించుకొన్నవానిని ఆ దినమునకు కొలది మాసములముందు యజమాని తొలగించుటయే అది. నేడు మేము ముచ్చటింపబూనినది ఆ విషయమునే.

మా స్నేహితు డొకడు హైదరాబాదున సాఫ్ట్‌వేరు ఉద్యోగి. 50వ ఏట పని మానుకొని స్వగ్రామమున తల్లిదండ్రులకడ నుండవలెనని పండ్రెండేండ్లుగా పొదుపుతో కాలము గడపినవాడు. కారు కొనలేదు, ఉన్న యింటిని పెంచలేదు. గడువునకు ఏడు నెలలుండగా ఒకనాటి ఉదయము పావుగంట సంభాషణలో, అతని స్థానము రద్దయినదని చెప్పిరి. “ఎటులైనను మానుకొనువాడవే గదా, ఏడు నెలలు ముందైన నేమి?” అని బంధువులు ఓదార్చిరి.

ఆ ఓదార్పులోని పొరపాటును చూపుటకే ఈ ఉపన్యాసము.

మొదట సొమ్ము సంగతి. ఇంటి అప్పులో కడపటి భాగము ఆ ఏడు నెలల జీతముతో తీరవలసినది. కంపెనీ ఇచ్చెదనన్న వాటాలు గడువు నిండక మునుపే రద్దయినవి. అన్నిటికంటె పెద్ద దెబ్బ ఆరోగ్య భీమా. కార్యాలయపు భీమాలో వృద్ధులైన తల్లిదండ్రులుండిరి; ఉద్యోగముతో అదియు ముగిసెను. మధుమేహమున్న వృద్ధునకు క్రొత్తగా భీమా కొనబోయినచో అధిక రుసుము ఒకటి, పాత వ్యాధికి నిరీక్షణ కాలము మరియొకటి. ఇక 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున పూర్తి పింఛను 58 ఏండ్లకు. 50 నిండిన పిమ్మట ముందుగా కోరినవానికి తక్కువైన ప్రతి యేటికి నూటికి 4 వంతున కోత. మా మిత్రునకు 50 నిండనే లేదు.

ఇక సొమ్మునకు మించిన సంగతి. జీవితమంతయు ఒకరు పిలిచిన వేళకు పోయి, పొమ్మన్న వేళకు వచ్చినవాడు, తన యిష్టముతో చేయదలచిన కార్యము ఒక్కటే: తానై లేచి సెలవు తీసికొనుట. దానినే అతనినుండి లాగికొనిరి. నిన్నటివరకు “చాలించుకొనుచున్నాను” అనదలచినవాడు నేడు “తీసివేసిరి” అనవలసివచ్చెను. ఆ రెండు మాటల నడుమ నున్న దూరమును ఏడు నెలల జీతముతో కొలువజాలము.

ఈ అన్యాయము క్రొత్తది కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ పట్టణమందలి స్టూడెబేకర్ మోటారు కర్మాగారమును మూసివేయుదుమని 1963 డిసెంబరులో ప్రకటించిరి. పింఛను నిధిలో చాలినంత ధనము లేకపోయెను. 60 ఏండ్లు నిండినవారికి పూర్తి పింఛను దక్కెను. 40 మొదలు 59 ఏండ్ల నడుమనున్న 4,000 మందికి పైగా కార్మికులకు తమకు రావలసినదానిలో నూటికి 15 వంతులు మాత్రము ముట్టెను. 59 ఏండ్లవానికిని 60 ఏండ్లవానికిని పనిలో భేదమేమి? పుట్టినదినము తప్ప మరేమియు లేదు. ఆ దుఃఖము మరుపునకు రాక, తుదకు 1974లో అచ్చట పింఛను చట్టము పుట్టెను. పింఛను హక్కు చేతికందకుండ చేయు నుద్దేశముతో ఉద్యోగిని తొలగించుట ఆ చట్టముచే నిషిద్ధమయ్యెను.

మన దేశమునను రక్షణ లేకపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో చేర్చిన ప్రకరణములు, తొలగింపునకు ఒక నెల ముందుగా తెలుపవలెననియు, పనిచేసిన ప్రతి యేటికి 15 దినముల వేతనము పరిహారముగా నీయవలెననియు, సామాన్యముగా కడపట చేరినవానినే మొదట పంపవలెననియు విధించినవి. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఆ పరిహారపు లెక్కనే నిలిపినది. కాని ఈ రక్షణ చట్టము దృష్టిలో కార్మికుడైనవానికే. అధికార హోదా గలవానికి వర్తింపదు. పెద్ద పేరుగల పదవి నిచ్చినప్పుడు మనము సంతసింతుము. ఆ పేరే మనలను చట్టపు నీడనుండి వెలికి త్రోయునని గ్రహింపము. మా మిత్రుని కార్యాలయమున కడపట చేరినవారు నిలిచిరి. జీతము పెరిగిన పాతవారు పోయిరి.

నష్టమువచ్చిన సంస్థ మనుష్యులను తగ్గింపరాదని మేము వాదించుట లేదు. ఆదాయము లేనిచోట జీతములెట్లు వచ్చును? కాని గడువు దగ్గరపడినవానిని పిలిచి, “నీ దినమెప్పుడు?” అని ఒక్కమాట అడుగుటకు ఖర్చేమి కాగలదు? కొలది నెలల వెసులుబాటుతో ఒక కుటుంబము నిలువగలదు.

యువకులకు మా మనవి యిది. పని చాలించుకొను దినమును మీరు వ్రాసికొనుడు. దానికి రెండేండ్ల ముందు మరియొక దినమునుగూడ వ్రాసికొనుడు. ఆ మొదటి దినమునకే అప్పు తీరవలెను. తల్లిదండ్రులకు సొంత భీమా యుండవలెను. చేతికి రాని వాటాలను ఆస్తిలో కలుపకుడు. పొమ్మన్ననాడు తొందరపెట్టి రాజీనామాపై సంతకము కోరుదురు. న్యాయవాదికి చూపక చేయకుడు. తానై రాజీనామా చేసినవానికి గ్రాట్యుటీ పోదు గాని తొలగింపు పరిహారమడుగు హక్కు చిక్కులలో పడును.

మా మిత్రుడు ఆనాడు సంతకము చేయలేదు. పరిహారమునకై వ్రాతమూలకముగా అడిగి, సగము సాధించెను. మిగిలిన అప్పునకై 49వ ఏట మరల ఉద్యోగము వెదకుచున్నాడు. స్వగ్రామమున తల్లి అతనికై సిద్ధపరచిన గది తాళము వేసియే యున్నది. దాని తలుపు ఆతడు తాను కోరిన దినముననే తెరచుగాక!