గీత ఎవరు గీయాలి?

ఆసుపత్రుల నాణ్యతను పెంచడంలో రేఖాచిత్రాల పాత్రను గురించి ఏ వ్యాసం తెరిచినా మొదటి పేరాలోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రత్యక్షం కావడం ఈ శాస్త్రంలో మంగళాచరణంగా స్థిరపడిపోయింది. ఆ ఆచారాన్ని తప్పించే ధైర్యం ఈ అధ్యక్షపీఠానికీ లేదు గాని, మంగళాచరణంలోనే ఒక అభ్యంతరాన్ని నమోదు చేయవలసి ఉంది. క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి ఆసుపత్రిలో మరణాలు 1855 తొలి నెలల్లో విపరీతంగా పెరిగి, మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలను బాగుచేయించిన తరువాత తగ్గుముఖం పట్టాయి. ఒక్కొక్క నెలను ఒక్కొక్క పూరేకుగా చూపి, నివారించదగిన వ్యాధుల వల్ల కలిగిన మరణాలను నీలంలోను, గాయాల మరణాలను ఎరుపులోను, తక్కినవాటిని నలుపులోను పరిచిన ఆమె పటం అచ్చయినది 1858లో. అప్పటికి యుద్ధమే ముగిసింది. ఆ పటం స్కుటారిలో రోగులను కాపాడడానికి కాక, లండన్‌లోని పాలకులను ఒప్పించడానికి గీసిన వాదపత్రం. ఆ విద్యలో ఆమెకు సాటి లేరు. భారతదేశానికి సేద్యపు కాలువలు కావాలని వాదిస్తూ, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపినదీ ఆ పట్టుదలతోనే. అయినా ఒప్పించే పటమూ పని నడిపే పటమూ ఒకటే అనుకోవడం ఈ రంగాన్ని వదలని పొరపాటు.

పని నడిపే పటానికి ఆద్యుడు వాల్టర్ షూహార్ట్. టెలిఫోన్ పరికరాల తయారీ కోసం ఆయన 1924లో ప్రతిపాదించిన నియంత్రణ పటంలో కొలతలు కాలక్రమంలో చుక్కలుగా పడతాయి. మధ్యగీతకు పైనా కిందా గీసిన హద్దులు, పద్ధతిలోనే ఉన్న మామూలు ఒడిదుడుకులను, వెతికి పట్టుకోదగిన కారణం వల్ల వచ్చిన మార్పు నుంచి వేరు చేస్తాయి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947–48లో భారతదేశానికి వచ్చినా, ఆయన పాఠం కర్మాగారాల్లో నిలిచినంతగా ఆసుపత్రుల్లో నిలవలేదు. నెలకు పది ప్రసవాలు జరిగే పీహెచ్‌సీలో ఒక బాలింతకు అధిక రక్తస్రావమైతే అది పది శాతం, మరుసటి నెల ఎవరికీ కాకపోతే సున్నా. మొదటి నెలలో ఎర్రరంగు, రెండో నెలలో పచ్చరంగు, మొదటిదానికి మందలింపు, రెండోదానికి ప్రశంస. అక్కడ మారినది ఏదీ లేదు. ఇంత అరుదైన ఘటనలకు శాతాలు వదిలి, ఒక ఘటనకూ తరువాతి ఘటనకూ మధ్య గడిచిన రోజులను చుక్కలుగా పెట్టడమే సరైన మార్గమని ఎన్నిసార్లు చెప్పినా, సమీక్షా సమావేశాల తెరపై రంగుల పట్టికలు వెలిగించడమే సంస్కరణ అని నమ్మే సమర్థులకు అది చెవికెక్కలేదు. వారిలో కొందరు ఈ సభ ముందు వరుసలోనే ఆసీనులై ఉన్నారు.

ఒకే ప్రశ్నను జీవితమంతా పట్టుకు వేలాడారన్న అపవాదు ఈ పీఠంలో ఉన్నవారిపై ఉంది. ఆ అపవాదు నిజమే. ఆ ప్రశ్న ఇది: గీత గీసే చేయి ఎవరిది? ప్రసూతి గదిలో వాడే పార్టోగ్రాఫ్, అంటే నొప్పులు పడుతున్న తల్లికి గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో గంటల వారీగా గుర్తించే పటం, ఆ ప్రశ్నకు చక్కని సమాధానం. 1954లో ఫ్రీడ్‌మన్ గీసిన వక్రరేఖ ప్రసవ గతిని వర్ణించింది. 1972లో రొడీషియాలో ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు వైద్యులు దానికి హెచ్చరిక గీతను, నాలుగు గంటల దూరంలో చర్య గీతను చేర్చి, తల్లిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో మంత్రసాని స్వయంగా తేల్చుకునే సాధనంగా మలిచారు. ఇండొనేషియా, మలేషియా, థాయిలాండ్ ఆసుపత్రుల్లో 35,484 మంది స్త్రీలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపి 1994లో ప్రకటించిన పరిశీలనలో, ఈ పటం ప్రవేశపెట్టాక పద్దెనిమిది గంటలు దాటి సాగిన ప్రసవాలు 6.4 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. రోగి పక్కన నిలబడి, చేయి కడుక్కుని, పరీక్షించి, వెంటనే చుక్క పెట్టే వ్యక్తే ఆ చుక్కను చూసి నిర్ణయం తీసుకునే వ్యక్తి కూడా కావడంలో ఆ పటం బలమంతా ఉంది.

గంటకు ఒక సెంటీమీటరు అన్న హెచ్చరిక గీత ప్రతి తల్లికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో తేల్చి, 2020లో దాని స్థానంలో కొత్త ప్రసవ సంరక్షణ పత్రాన్ని తెచ్చినప్పుడు, పటమే పనికిరానిదని తేలినట్టు సంబరపడినవారున్నారు. కొత్త పత్రం కూడా పడక పక్కన చేత్తో నింపేదేనని వారు గమనించినట్టు లేదు. అసలు శత్రువు గీత కాదు, తనిఖీ. ప్రసవం అయిపోయి, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టాక, కేస్ షీటు మూసేముందు జ్ఞాపకంతో నింపిన పార్టోగ్రాఫుల్లో చుక్కలన్నీ హెచ్చరిక గీత మీదుగా పూసలు గుచ్చినట్టు నడుస్తాయి. అటువంటి కట్టలు తిరగేసినవారికి ఆ అందమే అనుమానం కలిగిస్తుంది. నింపిన స్టాఫ్ నర్సును తప్పుపట్టడం సులువు గాని, రాత్రి డ్యూటీలో ముగ్గురు తల్లులకు ఒక్కతే ఉన్న చోట ఆమె ఇంకేం చేయగలదన్నది తనిఖీ పత్రంలో అడగని ప్రశ్న.

షూహార్ట్ హద్దులను లెక్కకట్టడానికి గణితం కావాలి. అంత గణితం అక్కరలేని కాలక్రమ పటం ఒకటుంది. కొలతల్లో సగం పైన, సగం కింద ఉండేలా మధ్యగతం గీసి, వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకే పక్క పడితే నిజమైన మార్పుగా భావించడం దాని నియమం. ఆరుసార్లు ఎగరేసిన నాణెం ఆరుసార్లూ ఒకే వైపు పడడం ఎంత అరుదో ఇదీ అంతే అరుదు. దీన్ని గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఏఎన్ఎం గీయగలదు. ఆమెకు చదువుకోవడానికి సరళమైన తెలుగులో ఒక చిన్న పుస్తకం సిద్ధం చేయడం ఈ సదస్సు తక్షణం చేపట్టవలసిన పని. రెండోది, కంప్యూటర్లు వచ్చాక అటకలకెక్కిన చేతిరాత పటాలను, చెరిపివేతలతో, పక్కన రాసిన తేదీలతో, మందుల మరకలతో సహా సేకరించడం. తూకానికి పోకముందే వాటిలో కొన్నింటినైనా వచ్చే సమావేశానికి ప్రతినిధులు తమ జిల్లాల నుంచి వెంట తీసుకురావలసిందిగా ఈ పీఠం కోరుతున్నది. తప్పులు దిద్దకుండా తెస్తే మరీ మంచిది.