‘దిద్దు’ అను క్రియ
(పఠనమందిరమున జరిగిన యుపన్యాసపాఠము)



పలక పట్టిన బిడ్డ మొట్టమొదట చేయు పని యేది? వ్రాయుట కాదు, చదువుట కాదు, దిద్దుట. వెనుకటి వీధిబడిలో పంతులు ఇసుకపై నక్షరము వ్రాసిపెట్టగా బాలుడు దాని వంపు ననుసరించి వ్రేలు త్రిప్పెడివాడు. ఒకసారి కాదు, నూరుసార్లు. బాలుడింకను స్వయముగా నేమియు వ్రాయలేదు. తప్పు పుట్టుటకే తావు లేదు. అయినను ఆ పనికి మనవారు పెట్టిన పేరు దిద్దుట.

ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది కాదు. కన్నడమున ‘తిద్దు’, ప్రాచీన కన్నడమున ‘తిర్దు’, తమిళమున ‘తిరుత్తు’. నడిమి రేఫము ప్రక్కయక్షరములో గలిసిపోయినది. తొలి తకారము మనయొద్ద దకారమైనది. తమిళమున దీనికి జోడుగా ‘తిరుందు’ అను క్రియయు గలదు; అనగా తనంతట చక్కబడుట. బీడును సాగునకు తెచ్చుటయు వారికి ‘తిరుత్తు’టయే. పాపము, బీడు చేసిన తప్పేమి? దానియందు దాగియున్న పంటను బయటికి దెచ్చుటయే అచ్చటి పని.

మన యాడువారు బొట్టు దిద్దుకొందురు, కనుబొమలు దిద్దుకొందురు. మగవారు మీసము దిద్దుదురు. కాలము వీరికే యెక్కువ పట్టునని నా యనుమానము. ఇల్లాలు కాపురమును దిద్దుకొనును. వీనిలో నెచ్చటను దండనయన్న భావము లేదు. ‘తీర్చు’ అనగా ముగించుట. ‘తీర్పు’ దాని బిడ్డయే. న్యాయాధిపతి తీర్పు చెప్పి లేచిపోవును. ‘తీర్చిదిద్దు’ అన్నప్పుడో, ముగిసినదనుకొన్న పనిమీద మరల చేయి పడుచున్నది.

‘సవరించు’ అనునది కచేరీమాట యైనది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగమునకు 1951లోనే మొదటి సవరణ జరిగినది. దానిని దిద్దుబాటని యెవరును వ్యవహరింపరు. గురజాడ అప్పారావుగారు మాత్రము 1910లో ప్రకటించిన తమ కథకు ‘దిద్దుబాటు’ అనియే పేరు పెట్టిరి. అప్పటికి సంఘసంస్కరణ మన దేశమున మారుమ్రోగుచున్న మాట. ఆయన దానిని విడిచి యింటిమాటను గైకొనిరి. రాత్రులయందు వేశ్య పాట వినబోవు భర్తను కమలిని తిట్టలేదు, రచ్చకీడ్వలేదు; ఒక యుత్తరము వ్రాసిపెట్టి మంచముక్రింద దాగినది. కథానామమునకు దీనికన్న వేరు వ్యాఖ్య యక్కరలేదని నా తలంపు.

ఇపుడు మన బడులలో దిద్దుటయనగా నెఱ్ఱసిరాతో కొట్టివేయుట యైపోయినది. అక్షరదోషమును దిద్దవలసినదే, కాదనను. కాని గోదావరి ప్రాంతపు పిల్లవాడు ‘ఆనపకాయ’ యని వ్రాసినప్పుడు, పుస్తకమున ‘సొరకాయ’ యని యున్నదన్న కారణమున దానిని కొట్టివేయుట యేమి న్యాయము? రెండును తెలుగే. రెండవ మాటను ప్రక్కన వ్రాసి చూపినచో బాలునికి రెండు మాటలు వచ్చును. కొట్టివేసినచో వాడు సాయంకాలము ఇంటికి బోయి, అమ్మ పలుకు మాట తప్పని అమ్మతోనే చెప్పును.