మంగలకత్తికి పిడి
(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: కీర్తన 52, 1 సమూయేలు 22:6-19)

52వ కీర్తనలో దావీదు ఒక మనిషి నాలుకను పదునుపెట్టిన మంగలకత్తితో పోల్చుచున్నాడు. ఈ ఉదయము ఆ కత్తి పదును గురించి కాక, దాని పిడి గురించి కొంచెము మాట్లాడనివ్వండి.

ఇప్పుడు క్షౌరశాలలలో ఎక్కువగా సగం బ్లేడు తొడిగే కత్తులే కనబడుతున్నాయి. పాత మడత కత్తిని మీలో పెద్దవారు చూచియుంటారు. ఇంగ్లాండులోని షెఫీల్డు పట్టణము ఆ కత్తులకు పేరుపొందినది. అక్కడి కత్తుల పనివారి సంఘము 1624లోనే పార్లమెంటు చట్టము ద్వారా ఏర్పడినది. ఉక్కును సాగగొట్టేవాడు ఒకడు, సానపట్టేవాడు ఒకడు, పిడి అమర్చేవాడు మరొకడు. సానపట్టేవారు ఆ ధూళి పీల్చి, ఊపిరితిత్తులు చెడి, చిన్న వయస్సులోనే చనిపోయేవారు. అది వేరొక రోజు చెప్పుకోవలసినంత పెద్ద సంగతి. ఈ రోజు పిడి అమర్చేవాని దగ్గర ఆగుదాము.

పిడి అంటే రెండు పలుచని చెక్కలు. కొయ్య కావచ్చు, ఎముక కావచ్చు, వేడిచేసి అదిమి చదును చేసిన కొమ్ము కావచ్చు. రెండింటిని కలిపి కట్టి ఒకేసారి రంధ్రము వేస్తారు. వేర్వేరుగా వేస్తే, కొద్దిపాటి తేడా వచ్చినా కత్తి వంకరగా మూసుకొని పదును చెక్కకు తగులుతుంది. చివరన చెక్కల మధ్య ఏటవాలుగా అరగదీసిన చిన్న ముక్క పెడతారు. పాత షెఫీల్డు కత్తులలో అది తరచుగా సీసము. దానివలన చెక్కలు ఎడముగా నిలిచి, పదునుకు మధ్యలో చోటు దొరుకుతుంది. తరువాత సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందముగల ఇత్తడి శీల దూర్చి, ఇరుప్రక్కల చిన్న వాషర్లు వేసి, శీల కొన కొద్దిగా పైకి మిగులునట్లు అరగదీసి, చిన్న సుత్తితో కొడతారు. కొడతారు అన్నాను గాని, తడతారు అనాలి. అటు నాలుగు దెబ్బలు, త్రిప్పి ఇటు నాలుగు. శీల తల మెల్లగా పుట్టగొడుగువలె విచ్చుకొంటుంది. తొందరపడి ఒక్కటి గట్టిగా వేస్తే కొమ్ము పగులుతుంది. బిగువు చాలకపోతే కత్తి దానంతటదే జారి తెరుచుకొంటుంది.

ఇంత శ్రమ ఎందుకు? గడ్డము గీయుటకు పదును చాలును గదా! పిడి చేతికి పట్టు ఇస్తుంది, నిజమే. కాని దాని పెద్ద పని గీయని సమయములో ఉన్నది. కత్తికి పని రోజుకు కొన్ని నిమిషాలే. మిగతా సమయమంతా ఆ పదును ఎక్కడో ఒకచోట ఉండాలి. పిడిలోని ప్రతి భాగానికి ఆత్మీయ అర్థము చెప్పమని మాత్రము నన్ను అడగకండి. శీల శీలే.

హెబ్రీ భాషలో మంగలకత్తికి ఈ కీర్తనలో వాడిన మాట "తఆర్". కత్తి ఒరకు కూడ ఇదే మాట వస్తుంది. దావీదు గొల్యాతు కత్తిని ఒరనుండి దూసినప్పుడు అదే మాట (1 సమూయేలు 17:51). యిర్మీయా 47:6లో యెహోవా ఖడ్గమును ఒరలోనికి వెళ్లి విశ్రమించమని బ్రతిమాలినప్పుడును అదే. దీనిమీద సిద్ధాంతము కట్టనక్కరలేదు గాని, నాకైతే ఆలోచించవలసిన సంగతిగా తోచుచున్నది.

ఇక ఆ నాలుక ఎవరిది? కీర్తన శీర్షిక చూడండి: ఎదోమీయుడైన దోయేగుది. అతడు సౌలుతో ఏమి చెప్పాడు? నోబులో దావీదును చూచానన్నాడు. అహీమెలెకు అతని కొరకు యెహోవాయొద్ద విచారణ చేసి, ఆహారము, గొల్యాతు ఖడ్గము ఇచ్చాడన్నాడు. ఇందులో అబద్ధమేది? అయినను దావీదు ఆ నాలుకను మోసకరమైనది అంటున్నాడు. ఎందుకంటే చెప్పని సంగతి ఒకటున్నది. రాజు పనిమీద వచ్చానని దావీదే యాజకునితో చెప్పాడు. అతడు పారిపోయి వచ్చినట్లు ఆ యాజకునికి తెలియదు. ఆ సగము లేని మాటవలన 85 మంది యాజకులు ఒక్క దినమందే చనిపోయారు. సౌలు సేవకులు వారిమీద చెయ్యెత్తనొల్లలేదు, దోయేగే చంపాడు. నోబులోని చంటిబిడ్డలు కూడ మిగలలేదు.

నేనెరిగిన ఒక సంఘములో పెళ్లి మాటలు జరుగుచున్న ఇంటికి ఒక విశ్వాసి వెళ్లి, అమ్మాయి తండ్రి త్రాగుబోతు అని చెప్పాడు. ఒకప్పుడు నిజమే. ఆయన త్రాగుడు మాని తొమ్మిది సంవత్సరములైనదని మాత్రము చెప్పలేదు. సంబంధము తప్పిపోయింది. ఆ తండ్రి ఆరాధనకు రావడము మానుకొన్నాడు. "ఉన్నదే గదా చెప్పాను, పాస్టరుగారూ" అంటాడు ఆ సహోదరుడు.

అలాగని, నోరు మూసుకొంటే చాలునని అనుకోవద్దు. 19వ శతాబ్దము చివరి నుండి సెల్యులాయిడ్ పిడులు వచ్చాయి. చూచుటకు ఏనుగు దంతమువలె, తాబేటి చిప్పవలె మెరిసేవి. ఏండ్లు గడిచేకొలది వాటిలో కొన్ని లోలోపల చెడిపోయి ఆమ్లపు ఆవిరి వదులుతాయి. కత్తి మూసియున్నప్పుడే ఉక్కు తుప్పుపడుతుంది. పగపట్టి మౌనముగా ఉండేవారి సంగతి ఇటువంటిదే. 141వ కీర్తనలో దావీదు తన పెదవులకు కావలి అడిగిన వెంటనే, తన హృదయమును గూర్చియు ప్రార్థించినది అందుకే.

ఆ సహోదరుడు ఇంకా ఆ తండ్రి ఇంటికి వెళ్లలేదు. మీలో ఎవరికైనా అటువంటి గడప ఒకటి ఉంటే, ఈ సాయంకాలమే వెళ్లండి. ముందు ఆ మాట విన్నవారి ఇంటికి వెళ్లి, వదిలిన సగము కూడ చెప్పండి.

ప్రార్థన చేద్దాము. ప్రభువా, ఆ తండ్రిని మరల నీ మందిరమునకు నడిపించుము. ఆయన కుమార్తెను జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.