కంచము అంచున మిగిలిన కూర

మా ఇంటిలో చిరకాలము రెండు కూరలు వండెడి ఆచారము ఉండెడిది. ఒకటి ఇంటిల్లిపాదికి, రెండవది మాకు. ఇంటిల్లిపాదికి వండినది ఏదైనను కావచ్చును: వంకాయ, బీరకాయ, దొండకాయ, తోటకూర. మాకు వండినది మాత్రము ఎల్లప్పుడును బంగాళాదుంపల వేపుడే. అదియును లేనినాడు ముద్దపప్పు, ఆవకాయ, అప్పడము, చివర గడ్డపెరుగు. ఈ నాలుగింటితో మనుష్యుడు నలుబది సంవత్సరములు బ్రదుకగలడని మేము నిరూపించినాము.

ఇది చెప్పుకొనుటకు మేము సిగ్గుపడవలసిన కారణము మరియొకటి కలదు. ఆకుకూరల ప్రాశస్త్యమును గూర్చియు, పెరటితోటల పెంపకమును గూర్చియు వక్తలను ఆహ్వానించి ప్రసంగములు చేయించుట మా ఉద్యోగధర్మములలో ఒకటి. ప్రసంగము ముగియగనే వక్తకు కృతజ్ఞతలు చెప్పి, ఇంటికి పోయి, పప్పులోని పాలకూరను వ్రేలితో ఏరి కంచము అంచునకు నెట్టెడివారము. వేపాకు మాట చెప్పిన వేమన పద్యమును బడిలో వల్లించిన నాడును మేము చేసినది ఇదియే.

ఒకనాడు ఎనిమిదేండ్ల మా అమ్మాయి తన కంచము అంచున దొండకాయ ముక్కలను వరుసగా పేర్చుచుండగా తల్లి మందలించినది. "నాన్నగారు తినరు గదా, నన్నెందుకు తినమంటావు?" అని ఆ పిల్ల అడిగినది. ఆ ప్రశ్నలో పెంకితనము లేదు. నిజముగా తెలిసికొనగోరియే అడిగినది. మాయొద్ద సమాధానము లేదు. మా ఇల్లాలు మా వంక చూడలేదు, చూచినను బాగుండెడిది.

ఆ రాత్రి మేము వెనుకకు తిరిగి ఆలోచించుకొన్నాము. మా తల్లిగారు చుట్టములతో "వాడు కూరలు ముట్టడండీ" అనెడివారు. ఆ మాటలో ఫిర్యాదుకంటె మురిపెమే ఎక్కువ. ఆ మురిపెముతోనే ప్రతిదినము మాకై వేరుగా పొయ్యిమీద మూకుడు పెట్టెడివారు. క్రమముగా ఆ వాక్యము మాకు పేరువలె అంటుకొన్నది. పెండ్లి పంక్తులలో కూర గిన్నెలు పట్టుకొని వచ్చువారు మా విస్తరిని దాటి పోయెడివారు. తినదలచినను తినుటకు వీలులేని స్థితి అది. ఒక్క ముక్క నోట పెట్టినచో ఇల్లంతయు చేరి వింత చూచును. కూరగాయలకును మాకును నడుమ అడ్డుగా నిలిచినవానిలో నాలుక ఒకటి, ఈ పేరు మరొకటి. రెండవదే గట్టిదని ఇప్పుడు మా అభిప్రాయము.

అట్లని నాలుకకు ఏమియు బాధ్యత లేదనరాదు. విషములున్న మొక్కలలో పెక్కు చేదుగా నుండును. కావుననే పసిబిడ్డ తీపికి చప్పరించును, చేదునకు మొగము చిట్లించును. పైగా అందరి నాలుకలును ఒక్కటి కావు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో ఒక పొడిని సీసాలో పోయుచుండగా అది గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న సహోద్యోగి నోరంతయు చేదెక్కినదని మొరపెట్టినాడు. ఫాక్స్ గారికి ఏ రుచియును తోచలేదు. ఫినైల్ థయోకార్బమైడ్ అను ఆ పొడి కొందరికి చేదు, కొందరికి చప్పన అనియు, ఈ భేదము వంశానుగతమనియు తరువాతి పరీక్షలలో తేలినది. దీనికి ప్రధానకారణమైన జన్యువును 2003లో గుర్తించినారు. క్యాబేజీ జాతి కూరలలోని చేదు పదార్థములు కొన్ని ఈ పొడికి దగ్గర చుట్టములు. కావున ఒకరికి కమ్మగానున్న క్యాబేజీ ప్రక్కవానికి చేదైనచో, ఆ ప్రక్కవాడు నటించుచున్నాడని అనుకొనరాదు.

అయితే నాలుక తీర్పు మార్చుటకు వీలులేని తీర్పు కాదు. 1982లో లీన్ బర్చ్, డయాన్ మార్లిన్ అను పరిశోధకులు రెండేండ్ల పిల్లలకు వారెరుగని ఆహారములను, కొన్నింటిని 2 సార్లు, కొన్నింటిని 20 సార్లు వరకు రుచి చూపినారు. ఎన్నిసార్లు ఎక్కువ రుచి చూచినారో అంత ఎక్కువగా పిల్లలు దానిని కోరుకొన్నారు. మన ఇండ్లలో జరుగునదేమి? రెండుసార్లు పెట్టి, మూడవసారికి "వాడు తినడు" అని తీర్మానము చేయుదుము. ఉగాది పచ్చడిలోని వేపపూవు ఏడాదికి ఒక్కమారు నాలుకకు తగులును. ఆ లెక్కన పదునైదుమార్లు కావలెనన్నచో పదునైదేండ్లు పట్టును.

మేము మొదట చేసిన పని వంటకు సంబంధించినది కాదు, వ్రాతకు సంబంధించినది. ఒక కాగితము తీసికొని, ఏ కూరలో మాకు గిట్టనిది ఏమి అని వ్రాయ కూర్చున్నాము. బెండకాయకు ఎదుట జిగురు అని వ్రాసినాము. కాకరకు చేదు. క్యాబేజీకి వాసన. వంకాయకు మెత్తదనము. తోటకూరకు పసరు, పీచు. దొండకాయకు ఏమి వ్రాయవలెనో తోచలేదు. ఎంత ఆలోచించినను అందులో మాకు గిట్టనిది కనబడలేదు. నాలుగు పదులు దాటువరకు ఏ నేరమును లేకయే దొండకాయను బహిష్కరించితిమని అప్పుడు తెలిసినది. పొట్లకాయకు ఎదుట మాత్రము "సమస్తము" అని వ్రాసినాము.

ఆ కాగితము చూచి మా ఇల్లాలు నవ్వి, "ఇందులో రుచి ఎక్కడున్నదండీ? సగము చేతికి, ముక్కునకు సంబంధించినవే" అన్నది. నిజమే. జిగురు, మెత్తదనము, వాసన అనునవి కాయతోపాటు వండు విధానముపైనను ఆధారపడును. బెండకాయలను కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరిన తరువాత తరిగి, మూత పెట్టక వేయించి, ఉప్పు చివర వేసినచో జిగురు చాలవరకు పోవును. చింతపండు పులుపు తగిలినను జిగురు విరుగును. బెండకాయ పులుసు పెట్టువారికి ఇది తెలిసిన సంగతియే. క్యాబేజీ ఎంతసేపు ఉడికిన అంత గంధకపు వాసన కొట్టును. సన్నగా తరిగి, నానిన పెసరపప్పుతో కొద్దిసేపు మాత్రమే మగ్గించి, కొబ్బరి చల్లి దింపినది వేరొక పదార్థమనిపించును. వంకాయను పలుచని చక్రములుగా కోసి కరకరలాడునట్లు వేయించుటతో ప్రారంభించి, మూడు నెలలకు గుత్తివంకాయ దాక వచ్చినాము. వేపుడు నిచ్చెనలో మొదటి మెట్టు మాత్రమే. అక్కడనే కూర్చుండిపోయినచో కూరకంటె నూనె ఎక్కువ తిన్నవారమగుదుము.

కాకరకాయ సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. లేతకాయలను తరిగి ఉప్పు, పసుపు పట్టించి కొంతసేపు ఉంచి పిండుట మన ఇండ్లలో ఎప్పటినుండియో ఉన్నదే. పిండుటలో చేదుతోపాటు పోషకములు కొన్ని పోవునన్న మాటయు నిజమే. కాని ఉప్పు చేయు పని చేదు నీటిని దింపుటతో ముగియదు. నాలుకమీద చేదు తెలియకుండ అణచు గుణము ఉప్పునకు కలదని అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు 1997లో ప్రయోగపూర్వకముగా చూపినారు. ఇక చింతపండు, బెల్లము చేరిన కాకరకాయ పులుసులో చేదు ఒక్కటే నిలువక నాలుగు రుచులలో ఒకటిగా ఒదిగిపోవును. మేము మొదటి దినము ఆ పులుసు మాత్రము కలుపుకొని ముక్కలు వదలినాము. నాలుగవమారు ఒక ముక్క తిన్నాము. పదియవమారో పదునొకండవమారో, ముక్కలు అయిపోయినవని తెలిసి కొంచెము నిరాశ కలిగినది. ఆ నిరాశను మా ఇల్లాలు గమనించినది గాని పైకి ఏమియు అనలేదు. అనియుండినచో ఆ మరునాడు మేము తినియుండెడివారము కాము. కూరలు తిననివానికి మెప్పుదల కూడ ఒక విధమైన బలవంతమే.

ఆకుకూరలకు పులుపు మంచి వంతెన. ఆవకాయ తినువాడు గోంగూరను కాదనడు. గోంగూరను కాదననివాడు చుక్కకూర పప్పును కాదనడు. చుక్కకూరలో గుప్పెడు పాలకూర కలిపిననాడు మాకు తేడా కొద్దిగ తెలిసినది. పాలు మార్చుచు మార్చుచు వచ్చి, చివరకు తోటకూర పప్పు దానంతటది కంచములోనికి వచ్చినది. ఈ కలుపుట మాకు చెప్పి చేసినదేనని గమనింపగోరుచున్నాము. చెప్పకుండ చేసిన ప్రయత్నమొకటి వికటించినది. దోసెపిండిలో ఆనపకాయ రుబ్బి కలిపిననాడు మేము కనిపెట్టితిమి. అటుపిమ్మట వారము దినములు దోసెను సైతము అనుమానముతో చూచితిమి. దాచిపెట్టి తినిపించిన కూర కడుపునకు చేరునేమో గాని, నాలుకకు పరిచయము కాదు.

పిల్లలకు "ఇది తిన్నచో మిఠాయి పెట్టెదను" అని ఆశ చూపుట గూడ ఇటువంటిదే. కూర శిక్ష, మిఠాయి బహుమానము అని మనమే నేర్పినవారమగుదుము. మా ఇంట ఇప్పుడున్న కట్టుబాటు ఒక్కటే. కొత్త కూర ఏదైనను ఆకలి బాగుగానున్న మొదటి అన్నములో ఒక్క ముద్దకు సరిపడ వడ్డింతురు. తినుటయు మానుటయు తినువాని ఇష్టము. మానినచో మాట రాదు, మరల వచ్చు వారము అది మరల వచ్చును.

పండ్లతో మాకు ఇంత పోరాటము లేదు. మామిడిపండును కాదను తెలుగువానిని మేమెరుగము. కాని మామిడి వేసవితో పోవును. జామకాయకు ఉప్పుకారము, బొప్పాయి వాసన గిట్టనివారికి నాలుగు చుక్కల నిమ్మరసము చాలును. రసము తీసి త్రాగుటకంటె పండును పండుగా తినుట మేలు. ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. మనము పుట్టుకతో మనవనుకొను జామ, బొప్పాయి, సీతాఫలము మూడును అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవే. మిరపకాయయు అంతే, అంతకుపూర్వము మన వంటలకు కారము మిరియములది. టొమాటోను సీమవంకాయ అనియు రామములగ అనియు పిలిచిన మన పెద్దలు దానిని మొదట ఎంత అనుమానముతో చూచియుందురో ఆ పేళ్ళను బట్టియే ఊహింపవచ్చును. మనము నేడు లొట్టలు వేయుచు తిను టొమాటో పప్పు వెనుక, మొదటిమారు మొగము చిట్లించి రెండవమారు తిన్న తాతముత్తాతలు ఉన్నారు.

ఎంత తినవలెనన్నచో, పెద్దలు దినమునకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో 2000 కాలరీల భోజనమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చూపినారు. తొలినాటి మా లెక్క ఒక్క ముద్ద. ఆ దూరము చూచి మేము భయపడినమాట వాస్తవము. మూత్రపిండముల వ్యాధి, మధుమేహము ఉన్నవారు మాత్రము వైద్యుని అడిగియే మార్పులు చేసికొనవలెను. మరియొక మాట. కొందరికి ఆహారమును చూచినంతనే డోకు వచ్చును, బరువు తగ్గును, తిను పదార్థములు రెండుమూడింటికి దిగిపోవును. ఇది పెంకితనము కాదు. అమెరికాలోని మనోవైద్యులు 2013లో దీనిని ప్రత్యేకమైన రుగ్మతగా పేర్కొనినారు. అటువంటి పిల్లలను మందలించుట మాని వైద్యునికి చూపవలెను.

మా ఇంట ఇప్పుడు ఒక్క కూరయే వండుచున్నారు. రెండవ మూకుడు అటకమీదికి చేరినది. మా అమ్మాయి దొండకాయ తినుచున్నది. కాకరకాయ ఇంకను తినదు. "నాన్నగారికి పదిసార్లు పట్టినది గదా, నాకింకను ఆరే అయినవి" అని లెక్క చెప్పుచున్నది. పొట్లకాయ విషయము మాత్రము మాకు తేలలేదు. పాలు పోసి వండినది మూడుమార్లు, పెరుగుపచ్చడి ఒకమారు చూచితిమి. కాగితముమీద "సమస్తము" అన్న మాట కొట్టివేసి "వాసన" అని దిద్దినాము. వచ్చు ఆదివారము శనగపప్పు వేసి వండెదనని మా ఇల్లాలు చెప్పినది.