ఆటలో ఒత్తిడి: అందులో మన వంతు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నాకు పది నిమిషాలు ఇచ్చారు. నేను మనస్తత్వ నిపుణుణ్ణి కాను, ఇంజినీరును. బరువు ఎక్కడ పడుతుంది, దాన్ని ఎట్లా మోయాలి అన్నదే నా వృత్తి. అందుకే ఆటగాళ్ల మనసు మీద పడే బరువు గురించి మాట్లాడతాను.

కబడ్డీలో కూతకు వెళ్లే ముందు గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండిపోతుంది. పిల్లలారా, ఇది పిరికితనం కాదు. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఒళ్లు పోటీకి సిద్ధమవుతోందన్న మాట. అది కొంత ఉండాల్సిందే. ఎంత ఉండాలన్నదే ప్రశ్న.

పక్కనే సిరిసిల్లలో మరమగ్గం నడిపేవారికి ఈ లెక్క తెలుసు. పడుగు వదులైతే పోగులు చిక్కుపడతాయి, మరీ బిగిస్తే తెగుతాయి. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఇటువంటి మాటే చెప్పారు. పని తేలికైతే ఉద్రేకం ఎక్కువున్నా నడుస్తుంది, పని కష్టమైనకొద్దీ అది మితంగా ఉండాలి. 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరికి బరువెత్తేటప్పుడు అక్కరకొచ్చే ఆవేశం, 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు రైఫిల్ పట్టినప్పుడు అక్కరకు రాదు.

ఒత్తిడి హద్దు దాటితే కండరాలు బిగుసుకుంటాయి. ఇంకో సంగతి కూడా జరుగుతుంది. అలవాటుగా జరిగిపోయే పనిని మనసు అడుగడుగునా తనిఖీ చేయడం మొదలుపెడుతుంది. రోజూ దిగే మెట్లనే ప్రతి అడుగూ ఆలోచించుకుంటూ దిగి చూడండి, తడబడతారు.

ఇక పి.వి. సింధు సంగతి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓడి రజతం తెచ్చింది. 2017లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. జపాన్ క్రీడాకారిణి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి 19-21, 22-20, 20-22తో ఓడింది. 2018లో మళ్లీ ప్రపంచ ఫైనల్లో మారిన్ చేతిలో ఓడింది. కామన్వెల్త్, ఆసియా క్రీడల ఫైనల్స్‌లోనూ అదే ఏడాది ఓటమే. దాంతో ‘ఫైనల్ ఫోబియా’ అని ఒక ముద్ర వేశారు. గ్లాస్గో స్కోరు మళ్లీ చూడండి. ఆఖరి గేమ్‌లో తేడా రెండు పాయింట్లు. అందులో భయం ఎంత, అలసట ఎంత, ఎదుటివారి ఆట ఎంత అని టీవీ ముందు కూర్చున్న మనం తేల్చేశాం! ఆ ఒక్క మ్యాచ్ ఎందుకు గెలవలేకపోతున్నానని తనను తాను ప్రశ్నించుకునేదాన్నని ఆమే తర్వాత చెప్పింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయింది.

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ విజేత. 2024 పారిస్‌లో సీడింగ్ లేకుండా దిగి, రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడింది. ఆ విభాగంలో చివరికి స్వర్ణం గెలిచింది ఆ వు యునే. అటువంటి ఓటమిని ఒక్క ఒత్తిడి ఖాతాలో రాసేయడం న్యాయం కాదు.

ఇల్లు కట్టేటప్పుడు పిల్లరు కింద ఫుటింగ్ వెడల్పుగా ఎందుకు వేస్తాం? బరువు అదే అయినా, ఎక్కువ జాగా మీద పరుచుకుంటే నేల మీద ఒత్తిడి తగ్గుతుంది. పదమూడేళ్ల పిల్ల జిల్లా పోటీకి వెళ్తుందంటే బడి పేరు, ఊరి పేరు, నాన్న అప్పు చేసి కొనిచ్చిన బూట్లు, అన్నీ ఆమె మీదే ఉంటాయి. ఆ పిల్ల కింద ఫుటింగ్ మనమే. “ఈసారి ఎట్లయినా గెలిచి రావాలె” అన్న ప్రతి మాటా పైన పెట్టే ఇంకో ఇటుక.

పిల్లలకు మూడు చిట్కాలు. ఒకటి, సాధనలోనే ఒత్తిడిని అలవాటు చేసుకోండి. తోటివారిని చుట్టూ నిలబెట్టి, వాళ్లు అరుస్తుండగా ఆడండి. రెండు, ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి, గుండె వేగం కొంత దిగుతుంది. మూడు, సర్వీసుకు ముందు బంతిని రెండుసార్లు కొట్టడం లాంటి చిన్న అలవాటు పెట్టుకోండి. మనసుకు పట్టుకోవడానికి ఒక పని దొరుకుతుంది.

గురువులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, ఇష్టమైన ఆటకే వెళ్లనన్నా అది మొండితనం అనుకోకండి. వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో గాలిలో తిరిగేటప్పుడు తన ఒళ్లు ఎక్కడుందో తెలియక సిమోన్ బైల్స్ టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. అదే బైల్స్ పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆగడం కూడా ఆటలో భాగమే.

చివరగా మన సంఘానికి ఒక ప్రతిపాదన. గెలిచినవారికి శాలువాలు కప్పడం మనకు బాగా వచ్చు. ఈ ఏడు నుంచి మన బడి జట్టు ఎక్కడికి పోటీకి వెళ్లినా పూర్వ విద్యార్థుల్లో ఒకరం వెంట వెళ్దాం. గెలిస్తే చప్పట్లు కొడదాం. ఓడితే తిరుగు బస్సులో పక్కన కూర్చుని, స్కోరు అడగకుండా, “అన్నం తిన్నవా బిడ్డా?” అని అడుగుదాం. వచ్చే నెల మండల పోటీలకు మొదటి పేరు నాదే రాసుకోండి.

సెలవు.