మా గోడలకు మేమే సున్నం వేసుకున్న ముచ్చట

పొదుపుల గురించి, వాయిదాల గురించి ముందు మాట్లాడిన వాళ్లు చెప్పిండ్రు. తక్కువ ఖర్చుతో ఇండ్లు ఎట్ల బాగు చేసుకున్నమో మమ్మల్ని చెప్పమన్నరు.

పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒక అక్క బిడ్డను చూసుకోను వస్తమని కబురొచ్చింది. పన్నెండు రోజులే ఉంది. ఆమెది పాత పెంకుటిల్లు, మట్టితో కట్టిన రాతి గోడలు. కింద చెమ్మకు పెచ్చులు లేస్తున్నయి. రంగులాయనను అడిగితే కూలితో కలిపి 15,000 అన్నడు. అక్క సంఘంలో అప్పు అడిగింది. అప్పటికే ఆమెకు బర్రె అప్పు ఉంది, రెండు వాయిదాలు ఆగినయి. ఇయ్యలేమన్నం. "గోడలు చూసి నా బిడ్డను వద్దంటే మీరొచ్చి చేసుకుంటరా?" అని ఏడ్చుకుంట లేచి పోయింది.

తెల్లారి, బయట నూటికి 5 రూపాయల మిత్తికి మాట్లాడుకున్నదని తెలిసింది. 15,000కు నెలకు 750. పది నెలలకు మిత్తే 7,500, అసలు అట్లనే ఉంటది. వద్దన్నది మేమే. ఊకె వద్దని ఇంట్ల కూర్చుంటే మా సంఘం ఎందుకు? అయిదుగురం కలిసి ఆమె ఇంటికి పోయినం. పైసలు తేకు, మేమొచ్చి సున్నం వేస్తమన్నం. మొదలు ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే మాలో కూడా ఇద్దరికి నమ్మకం లేదు.

సున్నం మన అమ్మలు వేసిందే, మనమే మరిచినం. పాత ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసి, సున్నపు రాళ్లు కొద్దికొద్దిగా నీళ్లలో వెయ్యాలె. రాళ్ల మీద నీళ్లు పొయ్యొద్దు, ఎగిరి మీద పడుతది. కుతకుత ఉడుకుతది కాబట్టి పిల్లలను దగ్గరికి రానియ్యొద్దు. కంట్లో చుక్క పడ్డా చాలాసేపు మంచినీళ్లతో కడిగి దవాఖానకు పోవాలె. ఒక రాత్రి ఉంచి, పాత చీర గుడ్డలో వడగట్టి, పలుచని మజ్జిగ లెక్క చేసుకోవాలె. వేడినీళ్లలో కరిగించిన తుమ్మబంక కలిపితే చేతికి అంటదు. చిటికెడు నీలి వేస్తే తెల్లగా కొడుతది. గోడను నీళ్లతో తడిపినాకనే కుంచె పెట్టాలె. మొదటి పూత నీళ్ల లెక్కనే కనబడుతది, ఆరినాక తెలుపు తేలుతది. మూడు పూతలు పలుచగా వెయ్యాలె. మందంగా ఒకటే వేస్తే పగులుతది.

మేము చేసిన తప్పు కూడా చెప్తం. ముందరి అర్రకు పాత డిస్టెంపరు ఉంది. తొందరలో దాని మీదనే సున్నం కొట్టినం. తెల్లారేసరికి పొరలు పొరలుగా వేలాడుతోంది. ఆ అక్క మొఖం చూడలేకపోయినం. మళ్ల అంతా గీకి, కడిగి, ఆరబెట్టేసరికి ఒకటిన్నర రోజు పోయింది. చెమ్మ ఉన్న గోడకు మాత్రం సున్నమే మంచిగ నిలిచింది. ఆయిలు రంగు చెమ్మను లోపల ఆపుతది, సున్నం బయటికి పోనిస్తది.

దర్వాజల మీది పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించొద్దని నియమం 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అంతకు ముందటి రంగుల్లో ఎక్కువ ఉండొచ్చు. అందుకే పొడిగా గీకొద్దు, తడి గరుకు కాగితంతోనే రుద్దాలె. పొడిని తడిగుడ్డతో తుడవాలె. పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ దగ్గర ఉండొద్దు.

గోడ కింద జానెడు ఎత్తు జాజు పూసినం. దాని మీద ఆ బిడ్డే సున్నంతో ముగ్గు వేసింది. అరుగు మీద కూర్చొని చూస్తుంటే మాకే కడుపు నిండింది.

తలుపులకు పాత చీరలే పరదాలు. చీర దాదాపు 18 అడుగులు ఉంటది, దర్వాజకు మడతతో కలిపి ఏడున్నర అడుగులు చాలు. ఒక చీరకు రెండు పరదాలు వచ్చి, మూడడుగులు మిగులుతది. దాంతో చిన్న కిటికీకి ఒకటి కుట్టుకోవచ్చు. అడ్డంగా చింపితే రెండు పక్కలకు చీర అంచే వస్తది, పక్కలు కుట్టుడు తప్పుతది. చినిగిన చీరల పేలికలు జడ అల్లి, గుండ్రంగా చుట్టి కుడితే కాళ్లు తుడిచే పట్ట అయితది.

సున్నం, బంక, నీలి, జాజు, కుంచెలు, దర్వాజ రంగు అన్నీ కలిపి 1,740 అయినయి. ఆ అక్క పొదుపు నుంచే తీసుకున్నది. బయటి అప్పు తేలేదు.

ఆ సంబంధం కుదరలేదు. కట్నం కాడ ఆగింది. గోడ తెల్లగా ఉండి కూడా ఆగింది, 15,000 రంగు వేసినా ఆగేదే. కాకపోతే ఆ బాధల మిత్తి గుంజేటోడు ఆమె గడపలోకి రాలేదు. బిడ్డ ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ ముచ్చట ఆమెకు చెప్పి, ఒప్పుకున్నాకనే ఇక్కడ చెప్తున్నం.

తర్వాత ఆరు ఇండ్లకు ఇట్లనే వేసినం. రెండు కుంచెలు, నిచ్చెన, ఇనుప డ్రమ్ము మా సంఘం గదిలో ఉన్నయి. మీ ఊళ్లో ఎవరికి కావాలన్నా మీటింగు రోజు చెప్పి తీసుకపోండ్రి. కుంచెలు మాత్రం అదే రోజు కడిగి తెచ్చియ్యండ్రి, సున్నం ఎండితే ఇక పనికిరావు.