పొయ్యి వెలిగింపని అన్నము



అన్నమనగానే తెలుగువానికి ఆవిరి కనబడవలెను. కంచములోని మెతుకు పొగలు గ్రక్కనిచో అది నిన్నటిదేమోయను శంక కలుగును. ఈ అలవాటు ఎంత పాతదో గాని, దాని వెలను మాత్రము ప్రతి ఉదయమును ఎవరో ఒకరు చెల్లించుచునే యున్నారు. ఢిల్లీలో ఒక ప్రభుత్వోద్యోగి యింటిని తలచుకొనుడు. తొమ్మిది గంటలకు కార్యాలయమున హాజరు పడవలెను. భార్యయు ఉద్యోగినియే. పిల్లల బస్సు ఏడింటికే వచ్చును. కావున ఐదింటికే కుక్కరు కూయవలెను. ఆ కూతకు ముందు లేవవలసినది ఆ ఇల్లాలే. ఇక క్రొత్తగా ఉద్యోగములో చేరి, అద్దె గదిలో గ్యాసుబండ యైనను లేక, సమోసాలతోను ఛోలే కుల్చాలతోను మధ్యాహ్నములు గడుపు యువకుని సంగతి వేరుగా చెప్పనేల? నలుబదియేండ్లు నిండకుండనే వైద్యుడు రక్తములో చక్కెరను గూర్చి ముచ్చటించుట ఆరంభించును.

పూటపూటకు పొయ్యి వెలిగింపకుండ అన్నము తినుట మన జాతికి క్రొత్త కాదు. 'పెద్దల మాట చద్దిమూట' అన్నప్పుడు చద్ది హీనమైనదను భావము లేదు. ఆకలివేళ అక్కరకు వచ్చునదని అర్థము. పోతనగారి భాగవతములో బాలకృష్ణుడు గోపబాలురతో గూడి వనమున చల్దు లారగించెను. తెలంగాణమున సద్ది యనగా మూటగట్టుకొని పోవు భోజనము. బతుకమ్మ పండుగ చివరి దినమునకు సద్దుల బతుకమ్మ యను పేరే వచ్చినది. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులుపు సద్ది ఆనాడు ఆడుబిడ్డల చేతులలో నుండును. చద్దికి పేదరికముతో ముడివేసిన వారము మనమే, అదియు పట్టణములకు వచ్చిన తరువాతనే.

పొరుగువారు అంతగా సిగ్గుపడలేదు. ఒడిశావారు అన్నములో నీరుపోసి 'పొఖాళ' యని ఎండకాలమెల్ల తిందురు. పూరీ జగన్నాథునికే అది నివేదన. ఆ నీటిని వారు 'తొరాణి' యందురు. మన కోస్తా పల్లెలలోని తరవాణి దానికి చుట్టమని చెప్పుటకు భాషాశాస్త్ర పాండిత్యమేమియు అక్కరలేదు. బంగ్లాదేశములో వైశాఖ సంవత్సరాదినాడు పాంతాభాత్, పులస చేప కలిపి తినుట ఉత్సవమైనది. బీహారులో మకర సంక్రాంతికి పెరుగు, అటుకులు లేక పండుగ లేదు.

అస్సామువారు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. నల్బారి, బార్పేట మున్నగు దిగువ అస్సాము జిల్లాలలో 'బోకా సాల్' అను బియ్యము పండును. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ బియ్యమును ఇంచుమించు ఒక గంట చన్నీట నానబెట్టిన చాలును, మెత్తనై అన్నమగును. పెరుగు, బెల్లము, అరటిపండు చేర్చుకొని పొలములోనే తిందురు. ఇందులో మాయ లేదు. మామూలు బియ్యములో అమైలోజ్ అను పిండిపదార్థము హెచ్చుగా నుండి గింజను గట్టిపరచును. ఈ బియ్యములో అది మిక్కిలి తక్కువ. ఈ కోవకు చెందిన బియ్యమును అక్కడి యిండ్లలో ధాన్యముగా నున్నప్పుడే ఉడికించి, ఎండబెట్టి, పిదప దంచుట వాడుక. కరీంనగరు ప్రాంతపు రైతు ఒకరు ఈ వంగడమును పండించి చూచినట్లు పత్రికలలోను వచ్చినది. దీనిని విని యింట నున్న సోనామసూరిని నానబోసి తినువారెవరైన నుందురేమో; అట్లు చేయవలదు, కడుపునొప్పియే మిగులును.

బోకా సాల్ ఢిల్లీ అంగళ్ళలో సులభముగ దొరకదు. అటుకులు ప్రతి వీధిలోను దొరకును. కుచేలుడు చిరుగు కొంగున ముడివేసికొనిపోయినది ఇదే గదా! ధాన్యమును నానబెట్టి, వేయించి, వేడిగా నున్నప్పుడే అణచి చేసినవి యగుటచే అటుకులు ఇల్లు చేరకముందే పక్వమై యున్నవి. పలుచనివానిని జల్లెడలో కడిగి ఐదు నిమిషములుంచిన చాలును, మందపువానికి పావుగంట. ఎఱ్ఱ బియ్యపు అటుకులు దొరికినచో తవుడు కొంత మిగిలియుండును గనుక అవి మేలు.

ఒక మనిషికి గుప్పెడున్నర అటుకులు చాలును. తక్కిన గిన్నె కూరగాయలతోను పప్పులతోను నిండవలెను. కీరదోస, కారెట్టు తురుము, టమాటా, పచ్చి మామిడి, కొత్తిమీర, మొలకెత్తిన పెసలు, వేయించిన వేరుసెనగలు, కొబ్బరి; ఏది యింట నున్న నది. తండ్రి నిమ్మరసము పిండుకొనును, కూతురు పెరుగు కలుపుకొనును, పిల్లవాడు బెల్లము అరటిపండు కోరును. ముగ్గురికి మూడు వంటలు చేయవలసిన పనిలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో ధాన్యములనుండి వచ్చు శక్తి రోజు మొత్తములో 45 శాతము మించరాదని యున్నది. అన్నమును రాశిగా పోసి పప్పును చుక్కగా వేసికొను మనకు ఈ లెక్క కొంత చేదుగానే యుండును. మధుమేహము గలవారు అటుకులు తేలికయని గిన్నెడు తినరాదు, అవియు బియ్యమే.

పోపు లేనిదే తెలుగు నాలుకకు తృప్తి లేదన్నది న్యాయమైన అభ్యంతరము. ఆదివారమునాడు ఆవాలు, సెనగపప్పు, ఎండుమిరప, కరివేపాకు కరకరలాడ వేయించి, తడి తగులని సీసాలో ఉంచినచో వారమంతయు వచ్చును. ఆవకాయ మాత్రము బద్దకు మించరాదు. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఢిల్లీ ఎండలో పెరుగు మధ్యాహ్నమునకు పులియుట మరియొక చిక్కు. రైలుప్రయాణములలో మన అమ్మలు చేసిన ఉపాయము ఇక్కడ పనికివచ్చును. కాచి చల్లార్చిన పాలలో అటుకులు కలిపి, ఒక చెంచాడు పెరుగు చేర్చి డబ్బా మూయవలెను; భోజనవేళకు అది తోడుకొని కమ్మగా నుండును.

చద్దన్నము విషయమున జాగ్రత్త యవసరము. వండిన అన్నములో చావక మిగిలిన కొన్ని సూక్ష్మజీవుల బీజములు వెచ్చని గదిలో పెరిగి విషము పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము పోదు. కావున రాత్రి మిగిలిన అన్నమును గంటలోపున చల్లార్చి, శుభ్రమైన నీటిలో ముంచియుంచి, ఉదయముననే తినవలెను. మే, జూను నెలలలో ఫ్రిజ్జులో నుంచుటయే మేలు. జిగురుగాని దుర్గంధముగాని తోచినచో పారవేయుడు, ఆ పూట పొదుపు మాట వలదు. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పచ్చి మొలకలకు బదులు ఆవిరిపట్టిన మొలకలు ఈయవలెను.

వెనుక బల్లమీద రెండు పెద్ద గిన్నెలు ఉంచబడినవి. ఎడమవైపుది నిమ్మకాయ అటుకులు, కుడివైపుది పెరుగుది. పోపు సీసా నడుమ నున్నది. గిన్నెలు నింపిన గృహిణి నేటి ఉదయము ఏడింటివరకు నిద్రించితినని చెప్పినారు.